ఏ కొర్ర?

జహీరాబాద్ బస్సులో కండక్టరు నా ఆధార్ కార్డును రెండు వైపులా తిప్పి చూసి, "ఇది ఆంధ్రా అడ్రసమ్మా, టికెట్ తీసుకోవాలి" అన్నాడు. చుట్టూ ఆడవాళ్లందరి చేతుల్లోనూ తెలంగాణ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో అద్దె కడుతున్నాను. కార్డు మీద మాత్రం ఇప్పటికీ కనిగిరి పక్కన మా ఊరే ఉంది. ఆ ఊళ్లో మాకిప్పుడు ఇల్లు లేదు, సెంటు భూమి లేదు. లేని ఇంటి అడ్రసు మోస్తున్నందుకు డబ్బు కట్టాను. కట్టి కూడా సదాశివపేట దాకా నిలబడే వెళ్లాను. సీట్ల సంగతి ఇక వదిలేద్దాం, ఆ గొడవ ఇప్పుడు అందరికీ తెలిసిందే.

అసలు నన్ను ఈ బస్సు ఎక్కించింది కోపం. నెల రోజుల క్రితం నగరంలో ఒక పెద్ద హోటల్లో పర్యావరణ సదస్సుకు వెళ్లాను. శాలువా తెచ్చుకోనందుకు వణికిపోయేంత ఏసీ. ప్రతి కుర్చీ ముందు ప్లాస్టిక్ నీళ్ల సీసా. భూతాపం మీద మూడు గంటల ప్రసంగాలు. మధ్యాహ్నం కొర్రల బిర్యానీ పెట్టారు. ఈ కొర్రలు ఎక్కడివని వడ్డించే అబ్బాయిని అడిగితే "ప్యాకెట్‌లో వస్తాయి మేడమ్" అన్నాడు. అతని తప్పేమీ లేదు. నాక్కూడా అవి ప్యాకెట్‌లోనే వస్తాయి, కిలో నూట పాతిక పెట్టి కొంటాను. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఆ ప్యాకెట్లు ఇంకా మెరిసిపోతున్నాయి.

అప్పుడే అనుకున్నాను, ఈసారి పాత పంటల జాతర చూడాలని. సంక్రాంతి నాడు బయలుదేరే ఈ జాతర పాత పంటల విత్తనాలతో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగి, నెల తర్వాత మాచునూర్‌లో ముగుస్తుంది. నడిపేది జహీరాబాద్ వైపు పనిచేసే స్వచ్ఛంద సంస్థ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు. ఎక్కువమంది ఎకరా రెండెకరాల దళిత రైతులు. ఇరవై ఏళ్లు దాటినా ఆపలేదు. వాళ్లతో కలిసి ఈ పనికి రూపమిచ్చిన పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయారు, అయినా బండ్లు కదులుతూనే ఉన్నాయి.

జహీరాబాద్‌లో దిగగానే ఆటో అతను నాలుగు వందలన్నాడు. బేరమాడి రెండు వందల యాభైకి దించాను. దించిన సంతోషం ఝరాసంగం రోడ్డు ఎక్కేదాకా కూడా నిలవలేదు. దారి పొడవునా చెరకు లారీలు, ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో తువ్వాలు ముక్కుకు కట్టుకుని అతను మాట్లాడుతూనే ఉన్నాడు. పారిశ్రామిక వాడ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూములు సేకరించారు కదా, అందులో వాళ్ల నాన్న రెండెకరాలు పోయాయట. ఆ డబ్బుతో చెల్లెలి పెళ్లి, ఈ ఆటో. "చేను ఉన్నప్పుడు ఏం వేసేవాళ్లు?" అన్నాను. "అన్నీ వేసేవాళ్లం" అన్నాడు. నేను మళ్లీ అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు: జొన్న, తొగరి, అనుములు, కొర్ర, పెసర, మధ్యలో నువ్వులు, గట్టున పుంటికూర. ఒక చేతి వేళ్లు చాలక హ్యాండిల్ వదిలి రెండో చేయి కూడా తీశాడు. గుంత వచ్చింది కాబట్టి బతికిపోయాం, ఆటో ఎగిరిపడగానే హ్యాండిల్ పట్టుకున్నాడు. మా కందిని ఇక్కడ తొగరి అంటారు, గోంగూరను పుంటికూర అంటారు. దిగాక అదనంగా యాభై ఇచ్చాను. ఎందుకో బేరం గుర్తొచ్చి సిగ్గేసింది.

బండ్లు మాచునూర్ ఊరి బయటే ఆగి ఉన్నాయి. ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడల్లో బంతిపూల దండలు, బండి చట్రం చుట్టూ మామిడి ఆకులు. పైన కుండల్లో, వెదురు బుట్టల్లో విత్తనాలు. డప్పు మొదలు కాగానే ఊరి ఆడవాళ్లు హారతి పళ్లేలతో ఎదురొచ్చారు. పెళ్లివారిని తీసుకెళ్లినట్టు ఆ గింజలను ఊళ్లోకి తీసుకెళ్లారు. నాలాగే నగరం నుంచి వచ్చిన కొందరు కెమెరాలు పట్టుకుని, ఫోటో సరిగా రాలేదని ఒక పెద్దావిడను బుట్ట నెత్తిన పెట్టుకుని మళ్లీ నడవమన్నారు. ఆవిడ నడిచింది. రెండోసారి అడిగితే బుట్టను ఆ కుర్రవాడి నెత్తిన పెట్టి, "ఇప్పుడు నువ్వు నడువు" అంది. డప్పు కొట్టేవాళ్లు కూడా నవ్వాపుకోలేక దరువు తప్పారు.

చెట్టు కింద సభ గురించి ఎక్కువ రాయను. అయితే నేను హోటల్లో విన్న మాటలే ఇక్కడా విన్నాను, వానలు వేళకు రావడం లేదని. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి మాటకూ ఒక చేను ఉంది. ఒకావిడ వర్షం ఏ కార్తెలో ఆగిందో చెప్పి, ఏ పంట పోయింది, ఏది నిలబడింది అని వరసగా చెప్పింది. నీళ్లు పెట్టకుండా చలికాలపు మంచుకే పండేవాటిని వీళ్లు సత్యం పంటలంటారు. కుసుమలు, అవిసెలు, శనగలు అలాంటివి. "సత్యం" అనే మాట అంత మామూలుగా, పంట పేరులా వాడటం నాకు ఎందుకో తెగ నచ్చింది. అడవిపందుల బాధ గురించి మాత్రం సభ సభంతా ఒకేసారి మాట్లాడింది. ఒకమ్మాయి ఇవన్నీ రికార్డు చేసుకుంటోంది. ఈ ఊళ్లోనే 2008లో మొదలైన సంఘం రేడియో ఉంది, ఆడవాళ్లే నడుపుతారు.

ఆకలి దంచేస్తున్న వేళకు భోజనం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, కొర్రన్నం, చివర సామల పాయసం. విత్తకుండానే చేలల్లో మొలిచే ఆకుకూర కూడా ఒకటి వడ్డించారు. పేరడిగితే తుమ్మికూర అన్నారు. మా వైపు తుమ్మి పూలు వినాయకుడి పూజకే. రొట్టె మాత్రం నాకు గట్టిగా తగిలింది. పళ్లు సగం ఊడిన ముసలమ్మలు హాయిగా తింటుంటే నేను పప్పులో నానబెట్టుకుని మింగాను.

కొర్రన్నం రెండోసారి పెట్టించుకున్నాను. మా నాయనమ్మ వండే అన్నం రుచి ఇదేనా అని తేల్చుకోవడానికి. తేలలేదు. ఆమె పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఆమె మంచం కింద పేడతో అలికిన మూత పెట్టిన కుండ ఒకటి ఉండేది. దానికి కాలు తగిలితే పుస్తకానికి తగిలినట్టు కళ్లకద్దుకోమనేది. ఆ తర్వాత నాన్న పొగాకు వేశాడు, అది ముంచాక సుబాబుల్ వేశాడు, చివరికి చేను అమ్మేశాడు.

ఆ కుండ గుర్తొచ్చే బండి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఇందాక బుట్ట తీసి కుర్రవాడి నెత్తిన పెట్టిన పెద్దావిడే అక్కడుంది.

"అమ్మా, కొర్రలు కాస్త ఇస్తారా, డబ్బిస్తాను."

"ఏ కొర్ర?"

ఎర్రదీ, నల్లదీ, తెల్లదీ మూడు బుట్టలు చూపించింది. నాకు తెలియదన్నాను.

"చేను ఎక్కడ బిడ్డా?"

చేను లేదన్నాను. బాల్కనీలో కుండీలున్నాయని చెప్పాను, ఎందుకు చెప్పానో. ఆవిడ నవ్వి, కుండీలో వేస్తే పిచ్చుకలకు ఒక పూట మేత అంది. తర్వాత కోపం లేకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించింది. విత్తనం అమ్మరు. ఒక సేరు పట్టుకెళ్తే పంట వచ్చాక రెండు సేర్లు తిరిగి పోయాలి. చేను లేనిదాన్ని ఎక్కడ నుంచి తిరిగి పోస్తాను? తినడానికైతే ఇంకో రెండు రొట్టెలు కట్టిస్తానంది. పర్సు తెరిచే పట్టుకుని నిలబడ్డాను. నా దగ్గర డబ్బుండి కూడా గుప్పెడు గింజలు కొనలేకపోవడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే కాస్త ఒళ్లు మండింది కూడా. ఇంత దూరం వస్తే గుప్పెడిస్తే వీళ్ల సొమ్మేం పోయింది అనుకున్నాను. రొట్టెలు మాత్రం తీసుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టరుకు కార్డు చూపించలేదు, నేరుగా డబ్బిచ్చాను. సీటు దొరికింది. సదాశివపేట దగ్గర ఇంటికి ఫోను చేసి, నాయనమ్మ కుండలో ఉండేది ఏ కొర్ర అని నాన్నను అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. పొగాకు వేసిన మొదటి ఏడు వేలంలో క్వింటాలు ఎంత పలికిందో చెప్పాడు, ఏ గ్రేడుకు ఎంతో కూడా. కొర్ర గుర్తు రాలేదు. ఫోను అమ్మకిచ్చాడు.

"ఆ కుండా? ఎర్రవే" అంది అమ్మ. "ఇల్లు ఖాళీ చేసిన రోజు పక్కింటి వాళ్ల కోళ్లకు పోశాను."