పాకం వచ్చేది ఎన్ని డిగ్రీలకు?

అమెరికాలో మేముండే డెన్వర్‌లో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవు. ఊరు సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తున, అంటే సరిగ్గా మైలు ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, అందుకని 95 డిగ్రీలకే నీళ్లు కుతకుతలాడిపోతాయి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతి ముందుగా చెప్పేది కందిపప్పే. గిన్నెలో పెట్టి గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. మంట పెంచితే నీళ్లు త్వరగా ఇగిరిపోతాయే గానీ వాటి వేడి పెరగదు. కుక్కర్ ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచుతుంది గనక పప్పు మెత్తబడుతుంది. అయినా మా అమ్మ రాజమండ్రిలో మూడు విజిల్స్‌కి దింపే పప్పుకు ఇక్కడ ఐదు దాకా ఆగాల్సిందే.

మా అబ్బాయి రెండో తరగతి, అమ్మాయి ఐదు. ఇక్కడ రెండో తరగతిలోనే వస్తువుల గుణాలు చెబుతారు: ఏది గట్టిది, ఏది వంగుతుంది, ఏది నీళ్లు పీలుస్తుంది అని. వేడి చేస్తే వచ్చే మార్పుల్లో వెనక్కి తిప్పగలిగేవి ఏవి, తిప్పలేనివి ఏవి అన్నదీ అప్పుడే. ఐదుకొచ్చేసరికి పదార్థమంతా కంటికి కనిపించని కణాలే అన్న పాఠం. మా డైనింగ్ టేబుల్ మీద రెండు పాఠాలూ ఒకేసారి నడుస్తున్నాయి.

స్కూల్లో ఉదాహరణలు వెన్న, ఐస్, చాక్లెట్, క్రేయాన్లు. మంచివే. కానీ సైన్స్ అంటే ఆ వస్తువుల గురించేననీ, నానమ్మ వంటింట్లోవి, పూజగదిలోవి వేరే సంగతి అనీ ఎవరూ చెప్పకుండానే పిల్లలు అనేసుకుంటారు. మా అమ్మాయి ఒకరోజు ఇంట్లోవాటన్నిటినీ కలిపి 'ఇండియన్ స్టఫ్' అనేసింది. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

మొదట కొబ్బరి నూనె. మావాడి వర్క్‌షీట్‌లో నూనె ద్రవాల గడిలో రాయాలి. వాడు కొబ్బరి నూనెను ఘనపదార్థాల్లో రాశాడు. వాడు చూసింది అదే మరి. చలికాలం మా ఇంట్లో హీటర్ 68 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 20 సెల్సియస్ దగ్గర ఉంటుంది. కొబ్బరి నూనె కరగాలంటే దాదాపు 24 కావాలి. టీచరమ్మ కొట్టేయకుండా ఆ సీసా తెమ్మన్నారు. పిల్లలు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంటే, అంచుల్లో తెల్లటి నూనె నీళ్లలా తేరుకోవడం అందరూ చూశారట. ఆవిడకు నేను మనసారా థ్యాంక్స్ చెప్పాను.

తర్వాత కర్పూరం. ఒక బిళ్లను గట్టి మూత ఉన్న గాజు సీసాలో వేసి కిటికీ పక్కన పెట్టాం. రోజులు గడిచేకొద్దీ బిళ్ల ఎక్కడా తడి లేకుండానే చిక్కిపోయింది, సీసా లోపలివైపు సన్నటి మెరిసే పలుకులు కట్టాయి. ఘనం నేరుగా వాయువై, చల్లటి గాజుకు తగిలి మళ్లీ ఘనమైంది. మనం బళ్లో చదువుకున్న ఉత్పతనం ఇదే. అదే కర్పూరాన్ని హారతిలో వెలిగిస్తే ఇక తిరిగి రాదు. వెనక్కొచ్చే మార్పు, రాని మార్పు రెండూ ఒక్క బిళ్లలో చూపించొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: కర్పూరం మింగితే చిన్నపిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సీసా మూత పెద్దవాళ్లే తీయాలి, మిగతా బిళ్లలు పిల్లలకు అందకూడదు.

అసలు పాఠం పోయిన సంక్రాంతికి జరిగింది. అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. అరిసెలకు తడిపిండి జల్లించి పెట్టుకుని, బెల్లం పొయ్యి మీద పెట్టింది. పక్కనే కంచంలో చన్నీళ్లు. మా అమ్మాయి క్యాండీ థర్మామీటర్ పట్టుకుని నిలబడింది. దానిమీద ఉండ పాకానికి 235 నుంచి 240 ఫారెన్‌హీట్ అని గీత ఉంది.

"ఆపకు నానమ్మా, ఇంకా 226 దగ్గరే ఉంది."

"నీ లెక్క నాకు తెలీదు తల్లీ. వచ్చేసింది, ఇదిగో చూడు." అమ్మ నీళ్లలో చుక్క వేసి, రెండు వేళ్లతో దగ్గరికి తీసింది. మెత్తటి ఉండ. వేళ్ల మధ్య నొక్కితే అణిగింది కానీ విడిపోలేదు.

థర్మామీటర్ పాడైందేమోనని అమ్మాయి దాన్ని మరిగే నీళ్లలో పెట్టింది. 203 చూపించింది. నీళ్లు మరగడానికి పుస్తకంలో ఉన్న 212 ఫారెన్‌హీట్‌కు, అంటే 100 సెల్సియస్‌కు, తొమ్మిది తక్కువ. ఆ తొమ్మిదిని 235లోంచి తీసేసి, "నాన్నా, 226!" అని అరిచింది. పాకంలో నీళ్లు ఇగిరేకొద్దీ బెల్లం పాలు పెరుగుతుంది, దాంతోపాటే అది మరిగే వేడీ పెరుగుతుంది. ఇక్కడ ఆ మెట్లన్నీ తొమ్మిది డిగ్రీలు కిందనుంచి మొదలవుతాయి. నేను చెప్పబోయేలోపే తను సగం చెప్పేసింది.

ఇలాంటివి చెప్పినప్పుడు "చూశారా, మన పెద్దలకు అన్నీ ముందే తెలుసు" అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. అమ్మకు గాలి ఒత్తిడి సంగతి తెలీదు. తెలుసని పిల్లలకు చెబితే అబద్ధం, పైగా ఆమెకు నిజంగా వచ్చిన పని మరుగున పడిపోతుంది. ఆమెకు పాకం చూడటం వచ్చు. నీళ్లలో కరిగిపోతోందా, తీగ సాగుతోందా, ఉండ కడుతోందా, కంచానికేసి కొడితే టంగుమంటోందా అని చూస్తుంది. అది పదార్థం గుణాన్ని నేరుగా పరీక్షించడమే, అందుకే ఊరి ఎత్తు మారినా పనికొచ్చింది. 226 ఎందుకొచ్చిందో తెలియాలంటే మాత్రం బడి పాఠం కావాలి. మా పిల్లలకు ఈ రెండూ కావాలనే నా తాపత్రయం.

ఈ వేసవిలో రాజమండ్రి వెళ్తున్నాం. ఫోన్‌లో సంగతి విని అమ్మ మంచి బెల్లం చూసి ఉంచుతానంది. థర్మామీటర్ అప్పుడే సూట్‌కేసులోకి చేరింది. అమ్మాయి నోట్‌బుక్‌లో డెన్వర్ పక్కన రాజమండ్రి అని ఇంకో గడి గీసి, అందులో 235 అని పెన్సిల్‌తో రాసుకుంది.