గురువారం నాడు గూడబాతులు

"వారంలో నాకింక మూడు రోజులే మిగిలాయి తల్లీ. సోమ, బుధ, శుక్ర" అన్నాడు నాన్న, సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకి. అవి ఆయన డయాలసిస్ రోజులు. గొంతులో బాధేమీ లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. నాకు ఆ మామూలుగా చెప్పడమే గుచ్చుకుంది.

ఆ ముందు శుక్రవారం సెంటర్లో మిషను మధ్యలో ఆగిపోయింది. నాలుగు గంటలు జరగాల్సిన డయాలసిస్ రెండు గంటలకే ఆపేసి, సోమవారం రండి అని పంపించేశారు. ఆ రెండు రోజులూ నాన్న పాదాలు ఉబ్బిపోయి, పడుకుంటే ఆయాసం వచ్చి, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. ఎందుకిలా జరిగిందని అడిగితే సమాధానం చెప్పేవాళ్లే లేరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. గురువారం ఎక్కడికైనా వెళ్దాం నాన్నా అన్నాను.

ఎక్కడికని వెళ్తాం? మాది కవిటి దగ్గర ఊరు. సముద్రం పక్కనే ఉంది గానీ ఆయన ఇసకలో నడవలేడు. గుడికంటే ఒప్పుకోడు. కాసేపు ఆలోచించి "తేలినీలాపురంలో పక్షులు దిగుంటాయి కదా ఈపాటికి" అన్నాడు. ఎప్పుడో కుర్రతనంలో కొబ్బరికాయల లారీ మీద టెక్కలి వెళ్లినప్పుడు చూశాడట. నలభై ఏళ్ల కిందటి మాట. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ సంగతి మాకు చెప్పలేదు.

డయాలసిస్ ఇంట్లో ఉన్నవాళ్లకి తెలుసు, ప్రయాణం పెట్టుకోవాలంటే మర్నాడే పెట్టుకోవాలి. చేయించుకున్న రోజు మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. ఆ మర్నాడు కాస్త తేరుకుంటాడు. ఆ తర్వాత మళ్లీ ఒంట్లో నీరు చేరడం మొదలవుతుంది. అమ్మ తెల్లారకుండానే లేచి కేరేజీ కట్టింది. గంజి వార్చిన అన్నం, ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండిన బీరకాయ కూర, పచ్చసొన తీసేసిన రెండు గుడ్లు. ఉప్పు ఉందో లేదో అన్నట్టు వేసింది. పావులీటరు సీసాలో నీళ్లు. సాయంత్రం దాకా అవే. దాహం వేస్తే చప్పరించడానికి చిన్న ఫ్లాస్కులో ఐసు ముక్కలు.

కాశీబుగ్గలో టెక్కలి బస్సు ఎక్కాం. కాలు పెట్టే చోటు లేదు. ఆడవాళ్లకి ఫ్రీ అయ్యాక బస్సులు ఎలా ఉంటున్నాయో అందరికీ తెలిసిందే. నాకు జీరో టికెట్టు కొట్టి, నాన్నకి డబ్బులు తీసుకున్నాడు కండక్టరు. పెద్దాయనకి ఎవరైనా సీటిస్తారేమోనని చుట్టూ చూస్తున్నాను. కిటికీ పక్కనున్న ఆవిడ లేచి నిలబడింది. యాభై ఏళ్లుంటాయేమో. "కూకో అన్నయ్యా" అంది. నాన్న మొహమాటపడ్డాడు. ఆవిడ ఆయన ఎడమ చేతి వైపు చూసి, "ఆ చెయ్యి తగలనియ్యకు, లోపలికి జరుగు" అంది.

మా వైపు అంతే. వేరే ఊళ్లలో పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఎవరికీ తెలియదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో మోచేతి కింద ఆ ఉబ్బు చూడగానే పోల్చుకుంటారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటది. ఫిస్టులా అనే ఆ మాట చదువు రానివాళ్లకి కూడా వచ్చు. ఆ చేత్తో బరువు మొయ్యకూడదని, ఆ చేతికి బీపీ చూడకూడదని, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఏ వారాలు మీయి?" అని అడిగింది ఆవిడ. నాన్న చెప్పాడు. "మా ఆయనకి మంగళ, గురు, శని. మూడేళ్లు తిప్పాను" అంది. తిప్పుతున్నాను అనలేదు. నాన్నకి కూడా అర్థమైంది. ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆవిడ పలాసలో జీడిపప్పు పని చేస్తుందట. వేళ్ల చివర్లు, గోళ్ల చుట్టూ నల్లగా ఉన్నాయి. జీడిగింజ పెంకులో నూనె చర్మాన్ని తినేస్తుంది. ఎంత తోమినా ఆ నలుపు పోదు. నందిగాం దాటాక, "ఓసారి చూడనా అన్నయ్యా?" అని అడిగి, ఆ నల్లటి వేళ్లు మూడింటిని నాన్న చేతిమీద, ఉబ్బిన నరం మీద, అలా ఆనించి ఉంచింది. ఫిస్టులా మీద చెయ్యి పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మని తెలుస్తుంది. అది ఆగిపోతే ప్రమాదం. అందుకే రోజూ పొద్దున లేవగానే చూసుకోమంటారు. నేనూ రోజూ చూస్తాను, భయంతో, గబగబా. ఆవిడ అలా చూడలేదు. తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు తల కొద్దిగా వంచి, కళ్లు మూసుకుంది.

"బాగా మోగుతంది. జాగర్త" అంది కళ్లు తెరిచి.

నాన్న ఏమీ అనలేదు. టెక్కలి వచ్చేదాకా ఆ చెయ్యి ఒళ్లోనే పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆవిడ పేరు అడగాలనుకున్నాను. జనంలో కుదరలేదు.

టెక్కలిలో దిగాక నాన్న నేరుగా కొబ్బరిబోండాల బండి దగ్గరికి నడిచాడు. నా గుండె జారిపోయింది. బోండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఆయనకి విషంతో సమానం. కొబ్బరి తోటల్లో పుట్టి, రోజుకి నాలుగు బోండాలు తాగి పెరిగిన మనిషి రెండేళ్లుగా ఒక్క చుక్క ముట్టలేదు. ఆయన ముందు తాగడం ఇష్టంలేక ఇంట్లో మేమంతా మానేశాం. ఆయన ఒక బోండం చేతిలోకి తీసుకున్నాడు, కుడిచేత్తోనే. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పెట్టేసి ఇంకోటి తీశాడు. మూడోదాన్ని వేలితో కొట్టి "ఇది కొట్టు" అన్నాడు బండివాడితో. ఎంతంటే యాభై అన్నాడు. ఉద్దానం మనిషి దగ్గర బోండానికి యాభై! 2018లో తిత్లీ తుఫాను వచ్చేదాకా మాకు డెబ్బై పైగా చెట్లుండేవి. ఆ అక్టోబరు తెల్లవారుజామున ఒక్క పూటలో పదకొండు మిగిలాయి. అప్పటిదాకా బోండానికి ధర అడగడమంటే ఏమిటో మాకు తెలియదు.

"నాన్నా, వద్దు" అన్నాను.

"నాక్కాదే. నువ్వు తాగు. నేను చూస్తాను" అన్నాడు.

తాగాను. ఎదురుగా నిలబడి చూశాడు. "తియ్యగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "ఉప్పదనం తగులుతుందా కొంచెం?" అవునన్నాను. "అదీ. సముద్రం దగ్గరి చెట్టు" అన్నాడు. ఆ మొహంలో అంత తృప్తి నేను చూసి ఎన్నాళ్లయిందో. ఫ్లాస్కులోంచి ఒక ఐసు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

తేలినీలాపురానికి ఆటో వెళ్లి రావడానికి ఏడు వందలు అడిగాడు. ఉన్నది గట్టిగా పది కిలోమీటర్లు. నెలకి పదివేలు డయాలసిస్ పింఛను వస్తుంది, దాంతో పాటు నేను బ్లౌజులు కుడితే వచ్చేది. అందులోంచి ఏడు వందలంటే నాకు చెయ్యి రాలేదు. బేరమాడితే అయిదొందల యాభైకి వచ్చాడు, గంటన్నర ఆగుతానని. దారంతా ఆ యాభై గురించే ఆలోచించాను, అదీ నిజమే.

ఊళ్లోకి రాకముందే వాసన వచ్చింది. చేపల వాసన, రెట్టల ఘాటు. తర్వాత చప్పుడు. చెట్లమీద ఎవరో కర్రముక్కలు టకటకా కొడుతున్నట్టు. అవి ఎర్రకాళ్ల కొంగలు. పెద్దయ్యాక వాటికి గొంతు పెద్దగా పలకదు. ముక్కు రెండు భాగాలూ కొట్టుకుని ఆ చప్పుడు చేస్తాయి. తోక దగ్గర ఈకలు గులాబిరంగు, దగ్గరగా చూస్తే చీర అంచులా ఉంటాయి. సైబీరియా పక్షులు అని మా దగ్గర అందరూ అంటారు, ఆటో అతనూ అదే చెప్పాడు. ఈ కొంగలూ, పెలికాన్లంటారే ఆ గూడబాతులూ సైబీరియావి కావు. మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుని వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఇక్కడ నౌపడ వైపు తంపర భూములున్నాయి, నీళ్లు నిలిచే పల్లపు నేలలు. ఈ పక్షుల తిండంతా అక్కడే. పరాయి దేశం నుంచి వచ్చాయనుకుంటేనే గొప్పగా ఉంటుందేమో మనకి. నాకు మాత్రం అవి మన పక్షులని తెలిశాకే ఎక్కువ ముద్దొచ్చాయి.

పక్షుల్ని చూసే టవర్ నాన్న ఎక్కలేడు. కిందే ఒక గట్టుమీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను. ఎదురుగా చింతచెట్టు. కొమ్మలు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. దానిమీద గూడబాతుల గూళ్లు పదో పన్నెండో. తల్లి గూడబాతు వచ్చి వాలితే కొమ్మంతా ఊగింది. అంత బరువైన పక్షి. బూడిదరంగు ఒళ్లు, పొడుగాటి ముక్కు, ముక్కు పైభాగం అంచునే వరసగా చుక్కలు, దాని కింద వేలాడే సంచి. పిల్ల ముక్కు చాచి అరిచింది. తల్లి నోరు తెరిచింది. పిల్ల తలకాయ మొత్తం ఆ సంచిలోకి, ఇంకా లోపలికి, గొంతులోకి దూర్చేసింది. మెడ దాకా కనపడలేదు. రెండూ పెనుగులాడుతున్నట్టు కొమ్మమీద తూలాయి. నేను భయపడి లేచాను.

"తింటంది. కూర్చో" అన్నాడు నాన్న.

పిల్ల తల బయటికి తీసింది. తల్లి ఒకసారి రెక్కలు విదిల్చుకుని అలసిపోయినట్టు ముక్కు వాల్చింది. పిల్ల మళ్లీ అరిచింది. తల్లి మళ్లీ నోరు తెరిచింది.

అక్కడే కేరేజీ విప్పాం. నాన్న అన్నం మొత్తం తిన్నాడు. ఇంట్లో రెండు ముద్దలు తిని కంచం తోసేసే మనిషి చెట్టు మీంచి చూపు తిప్పకుండా గిన్నె అడుగు దాకా తిన్నాడు. పక్కన మేకలు కాస్తున్న ముసలాయన వచ్చి కూర్చున్నాడు. ఈ పక్షులు వస్తేనే ఊరికి మంచిదని, ఎవరూ రాయి విసరరని చెప్పాడు. తర్వాత 2021 చివర్లో జరిగింది చెప్పాడు. చెట్ల మీంచి గూడబాతులు టపటపా రాలిపోయాయట. పొద్దున్నే లేచి చూస్తే కింద పడి ఉండేవట. ఆ రోజుల్లో పేపర్లో నేనూ చదివాను, వందకి పైగా చచ్చిపోయాయి. డాక్టర్లు వచ్చి కోసి చూస్తే పొట్టలో నులిపురుగులు. తిన్న చేపల్లోంచి వచ్చాయన్నారు.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. ముసలాయన మేకల వెనక వెళ్లిపోయాక అన్నాడు, "వాటికి కారణం దొరికింది."

నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఈ కిడ్నీ జబ్బుకి కారణం వెతుకుతూ మా ఊళ్లకి ఎంతమంది వచ్చారు! నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బావి నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం, మూత్రం పట్టుకెళ్లారు. ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో వస్తున్నాయి, పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి కట్టారు. మంచిదే, వాటికోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూశాం. కానీ ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. మా నాన్న తాగలేదు, పొగ కాల్చలేదు. చెట్లెక్కాడు, కాయలు దింపాడు, చెమటోడ్చాడు, ఊరి బావిలో నీళ్లు తాగాడు. ఎందుకు నాకే అని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ ఒక్క మాటలోనే అడిగాడు.

మళ్లీ తల్లి గూడబాతు ఎగిరింది, తంపర వైపు. కనపడినంత దూరం చూశాడు.

తిరిగి వస్తుంటే దారిలో ఆటో ఆపించాడు. పిల్ల తాటిచెట్టు ఒకటి రోడ్డు పక్కన. "ఆ మొవ్వాకు ఒకటి కోసి పెడతావా బాబూ" అని ఆటో అతన్ని అడిగాడు. మా చిన్నప్పుడు తాటాకుతో చిలకలు, బుట్టలు, గిరగిర తిరిగే గాలిపంకాలు అల్లేవాడు. ఊళ్లో పిల్లలంతా మా అరుగుమీదే ఉండేవాళ్లు. ఫిస్టులా వేశాక మళ్లీ ముట్టలేదు. ఆటో అతను కత్తి లేకపోయినా ఎలాగో మెలిపెట్టి లేత ఆకు లాగి ఇచ్చాడు. దిగేటప్పుడు నేను యాభై ఎక్కువిచ్చి ఆరొందలు చేశాను.

బస్సులో ఆకు ఒళ్లో పెట్టుకుని, "తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానలతో వస్తాయి కదా, జూన్లో" అన్నాడు. అవునన్నాను. "ఇచ్ఛాపురం దగ్గరే. మంగళవారం చూసి వెళ్దాం" అన్నాడు.

రాత్రి పడుకోలేదు. అమ్మ ఎంత చెప్పినా లైటు తియ్యనివ్వలేదు. ఎడమ చేతిని దిండుమీద కదలకుండా పెట్టుకుని, ఆకు కొస పళ్లతో పట్టుకుని, కుడిచేత్తో అల్లాడు. మూడుసార్లు విప్పేశాడు. ఒళ్లు, రెక్కలు తొందరగానే వచ్చాయి. ముక్కు కింద సంచి కుదరలేదు. ఆకు మడత పెడితే పగిలిపోతోంది. చివరికి నీళ్లలో తడిపి మెత్తబరిచాడు. ఆ నీళ్లు కూడా తన సీసాలోంచే తీశాడు, పొద్దుటికని దాచుకున్నవి.

శుక్రవారం సెంటర్లో దాన్ని మంచం పక్కన స్టాండుకి కట్టమన్నాడు. సిస్టరమ్మ రెండు సూదులూ గుచ్చి, టేపు అంటిస్తూ తలెత్తి చూసింది.

"ఏంటి తాతా ఇది, కొంగా? కింద ఆ సంచేంటి?"

"గూడబాతమ్మా" అన్నాడు నాన్న. "పిల్లలకి అన్నం అందులో తెస్తుంది."

మిషను తిరగడం మొదలైంది.