ఊరేగింపులో ముందు, బంతిలో చివర

ఆదివారం, పెరంబూరు, చెన్నై.

అక్క కూతురు నిన్న రాత్రే హాస్టల్ నుంచి మా ఇంటికి దిగింది. రేపు కాలేజీలో దానికి సెమినార్ ఉంది. అమెరికా పాటల్లో నల్లవాళ్ళ చరిత్ర అట. "హిస్టరీ చదివేదానికి పాటలెందుకే?" అని మా ఆయన అడిగాడు. "బాబాయ్, అక్కడ చట్టాలకే పాట పేరొచ్చింది తెలుసా?" అని ఎదురు ప్రశ్న వేసింది.

1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు మొహానికి మసి పూసుకుని, నల్లవాడి వేషం కట్టి, గెంతుతూ ఒక పాట పాడేవాడట. ఆ పాటలోని పాత్ర పేరు జిమ్ క్రో. జనం పడీపడీ నవ్వారు. ఇలాంటి వేషాల మేళాలు ఊరూరా పుట్టుకొచ్చాయి. బానిసత్వం రద్దయ్యాక, దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళని బళ్ళో, రైల్లో, హోటల్లో వేరుగా ఉంచే చట్టాలు వచ్చాయి. వాటిని జనం జిమ్ క్రో చట్టాలనే పిలిచారు. నాకు వెంటనే మన సినిమాలు గుర్తొచ్చాయి. పనిమనిషి నోరు విప్పిందంటే చాలు, యాస పెట్టి హాలంతా నవ్వించేస్తారు. ఆ నవ్వు హాల్లోనే ఆగిపోతుందనుకుంటాం.

ఇడ్లీలు తింటుండగా పక్క వీధిలోంచి చావు మేళం మొదలైంది. ఎవరో పెద్దాయన పోయారట. ఉత్తర చెన్నైలో చావంటే చడీచప్పుడూ లేకుండా జరిగేది కాదు. పూల బండి, టపాసులు, రోడ్డంతా చామంతి రేకులు, అన్నిటికంటే ముందు పరై. మన డప్పుకి తోబుట్టువే. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. మా గేటు పక్కనే నలుగురు కుర్రాళ్ళు. ఒకడు పాత పేపర్లు పోగేసి మంట పెట్టాడు. డప్పుని ఆ సెగ మీద అటూ ఇటూ తిప్పుతూ, వేలితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపి మళ్ళీ కాచాడు. చర్మం బిగిసిందని నమ్మకం కుదిరాక లేచి, ఒక చేతిలో పొడుగాటి సన్న పుల్ల, రెండో చేతిలో పొట్టి కర్ర పట్టుకుని ఒక వరస వాయించాడు. మా కిటికీ అద్దాలు అదిరాయి. సభలో మృదంగం ఆయన శ్రుతి సరిచేసుకుంటుంటే ఎంత ఓపిగ్గా చూస్తామో! ఈ కుర్రాడు చేసిందీ అదే పని కదా.

వాళ్ళలో ఒకడు మంచినీళ్ళు అడిగాడు. మొదటి అంతస్తు ఆవిడ వాచ్‌మన్ చేతికి పేపర్ కప్పులిచ్చి పంపింది. కరోనా నాటి నుంచి బయటివాళ్ళందరికీ పేపర్ కప్పులే అంటుంది. నేను ఎప్పుడు వెళ్ళినా కాఫీ స్టీలు గ్లాసులోనే ఇస్తుంది మరి.

ఈలోగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు టింగుటింగుమంటోంది. సౌండ్ పొల్యూషన్, పిల్లలకి పరీక్షలు, పోలీసులకి ఫోన్ చేద్దామా, ఇలా. మార్గళి నెల, అదే మన ధనుర్మాసం, వస్తే కోవెల మైకులో తెల్లారకముందే పాశురాలు మొదలవుతాయి. అప్పుడు ఇదే గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెడతారు. నాకు పాశురాలంటే ప్రాణమే. అయినా నిద్ర నిద్రే కదా!

అక్క కూతురు హెడ్‌ఫోన్స్ తీసి బాల్కనీలోకి వచ్చింది. కాసేపు చూసి, "పిన్నీ, వీళ్ళు వాయించేదే సినిమాలో వస్తే ఈ గ్రూపులో వాళ్ళే స్టేటస్ పెట్టుకుంటారు కదా" అంది. పెట్టుకుంటారు. గానా పాట పుట్టిందే ఈ ఉత్తర చెన్నై దళిత వాడల్లో, చావు జరిగిన ఇళ్ళ ముందు. తొంభైల్లో సంగీత దర్శకుడు దేవా దాన్ని సినిమాల్లోకి తెచ్చాక ఊరంతా పాడింది. పెళ్ళి రిసెప్షన్లలో ఆ పాటలకి చిందులేసినవాళ్ళు అలాంటి వాడే అయిన వ్యాసర్‌పాడిలో ఇల్లు అద్దెకు తీసుకుంటారా అంటే ముక్కు విరుస్తారు.

అది చెప్పిన నల్ల గాయకుడు శామ్ కుక్ కథ సరిగ్గా ఇక్కడే అతుకుతుంది. 1957లోనే ఆయన పాట అమెరికాలో నంబర్ వన్. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు అందరూ కొన్నారు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌కి భార్యతో, తన బృందంతో వెళ్ళాడు. ముందే ఫోన్ చేసి హోటల్లో గదులు మాట్లాడుకున్నాడు. తీరా మనిషిని చూశాక గదులు లేవన్నారు. ఆయన కదల్లేదు, గట్టిగా నిలదీశాడు. చివరికి కారు హారన్ మోగిస్తూ వేరే హోటల్‌కి వెళ్తే, అక్కడికి పోలీసులొచ్చి శాంతిభద్రతలకి భంగమంటూ అరెస్టు చేశారు. ఆయన రికార్డు ఆ హోటల్ గదుల్లో ఏ రేడియోలోనో మోగే ఉంటుంది. నాలుగు నెలలు తిరక్కుండానే, మార్పు వస్తుందనే ఆ పెద్ద పాట, "ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్", రికార్డు చేశాడు.

ఇంకోటి చెప్పింది, అది నాకు మరీ నచ్చింది. నచ్చిందనకూడదేమో. చార్లీ ప్రైడ్ అని ఒక నల్ల గాయకుడు. పాడేది కంట్రీ పాటలు, అంటే తెల్లవాళ్ళు తమ సొత్తనుకునేవి. ఆ పాటల్లో మోగే బాంజో ఆఫ్రికా బానిసల వెంట వచ్చిన వాయిద్యమే, అది వేరే సంగతి. 1966లో ఆయన మొదటి రికార్డుల్ని కంపెనీ రేడియో స్టేషన్లకి ఫొటో లేకుండా పంపింది. గొంతు విని ఇష్టపడ్డాకే మనిషి రంగు తెలియాలని. ఎత్తు పారింది. 1971లో ఆ కంట్రీ సంగీతం వాళ్ళే ఏడాదికి మేటి కళాకారుడని ఆయనకి పెద్ద అవార్డిచ్చారు.

"అదే ఇక్కడైతే ఫొటో దాచి లాభం లేదు. మీదే వీధి, మీ నాన్న పేరేంటి అని అడిగేస్తారు" అన్నాను. అది కాస్త ఇబ్బందిగా మొహం పెట్టింది. రంగూ కులమూ ఒకటేనని రాస్తే వాళ్ళ మేడం ఊరుకోదట. ఒకటని నేనూ అనను. అయితే పాటని లోపలికి పిలిచి, పాడినవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టే పద్ధతి మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. మా అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళి ఊరేగింపైనా, అమ్మవారి జాతరైనా డప్పులే ముందు నడిచేవి. అవి కదిలితేనే ఊరు కదిలేది. భోజనాల దగ్గర మాత్రం అన్ని బంతులూ లేచాక, పందిరి బయట, వాళ్ళు తెచ్చుకున్న గిన్నెల్లో పెట్టేవాళ్ళు. పిల్లలం మేం ఆ దరువుకి ఎగిరి ఎగిరి, అలిసిపోయి మొదటి బంతిలో కూర్చునేవాళ్ళం.

మధ్యాహ్నం మా ఆయన పేపర్ మడిచి, సంగీతానికి కులమేంటి, త్యాగరాజస్వామి అందరివాడు కాదా అన్నాడు. నాకు నాగరత్నమ్మ గుర్తొచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబంలో పుట్టి, ఈ మద్రాసులోనే కచేరీలు చేసి గడించింది. తిరువయ్యారులో పాడుబడ్డ త్యాగరాజు సమాధికి 1920లలో తన సొమ్ముతో గుడి కట్టించింది. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు. గుడి కట్టించిన ఆవిడకీ అదే నియమం. ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళతో వేరే ఆరాధనే జరిపించింది. ఇప్పుడు ఏటా టీవీలో ఆ పంచరత్నాలు చూస్తూ మనం కళ్ళు తుడుచుకుంటాం. ఇది చెప్తే మా ఆయన పేపర్ మళ్ళీ విప్పుకున్నాడు.

సాయంత్రం అక్క కూతురు "ది కాస్ట్‌లెస్ కలెక్టివ్" వాళ్ళ వీడియోలు పెట్టింది. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన బృందం. 2018 జనవరిలో ఈ ఊళ్ళోనే తొలి కచేరీ చేశారు. గానా, పరై, రాప్, రాక్ అన్నీ ఒకే వేదిక మీద. రాప్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటల్లో పుట్టింది, గానా మా పక్క పేటల్లో. రెండూ పక్కపక్కన నిలబడితే ఎక్కడా అతుకు కనిపించలేదు. కొన్ని పాటల్లో సంగీతం కంటే నినాదం ఎక్కువైందనిపించింది నాకు. అది మాత్రం ఒప్పుకోలేదు. "నినాదం ఎక్కువైందని ఎవరంటారో చూసుకో పిన్నీ" అంది. పొగరుబోతు పిల్ల. నా అభిప్రాయం నాదే.

రాత్రి స్లైడ్లు సర్దుతూ శామ్ కుక్ పాటని రెండు రకాలుగా వినిపించింది. సినిమాకి వెళ్తే, ఊళ్ళోకి వెళ్తే ఇక్కడ తిరగొద్దంటారని పాడే చరణం ఒకటుంది. ఆల్బంలో ఉంది గానీ, 1964 డిసెంబరులో ఆయన చనిపోయాక వచ్చిన చిన్న రికార్డులో దాన్ని కోసేశారు. రేడియోలో ఎక్కువగా వినపడింది కోసేసినదేనట. రేపు చరణం ఉన్నదే పూర్తిగా వినిపిస్తానంది. మూడు నిమిషాలు దాటుతుంది కదే, టైం అయిపోయింది ఆపమంటే ఏం చేస్తావన్నాను.

"ఆపేస్తా. చిన్న రికార్డులోనూ సరిగ్గా దీన్నే ఆపేశారు మేడం అని తర్వాతి స్లైడుకి వెళ్ళిపోతా" అంది.