సింగపూర్‌కు ముందు గండిపేట

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను సింగపూర్‌కో, దుబాయికో, అమెరికాలోని నాసా కేంద్రానికో తీసుకెళ్లడం హైదరాబాద్ ప్రైవేటు బడులకు కొత్తేమీ కాదు. ఈ ఏడాది మా అమ్మాయి బడి నుంచి సింగపూర్ ‘విద్యాయాత్ర’ సర్క్యులర్ వచ్చింది. కార్యక్రమం చదివితే ఒక రోజంతా యూనివర్సల్ స్టూడియోస్, మరో రోజు సెంతోసా దీవి, మిగిలినది నైట్ సఫారీ, షాపింగ్. ఇదే యాత్రను ఏ ట్రావెల్ ఏజెన్సీ అయినా కుటుంబాలకు అమ్ముతుంది. బడి దానికి చేర్చినది ఒక టీషర్టు మాత్రమే.

అలాగని విదేశీ యాత్రలన్నీ దండగ అనను. ఆ సింగపూర్‌లోనే 2008లో ప్రారంభమైన మెరీనా బరాజ్ ఉంది. ఉప్పునీటిని అడ్డుకొని అది నగరం నడిబొడ్డున మంచినీటి జలాశయాన్ని నిలిపింది. భారీ వాన కురిసినప్పుడు సముద్రం పాటు మీద ఉంటే తొమ్మిది గేట్లను దించి నీటిని వదులుతారు. పోటు మీద ఉంటే పెద్ద పంపులతో తోడిపోస్తారు. తాగునీరు, వరద నివారణ అనే ఈ రెండు అవసరాల కోసమే మన హైదరాబాద్ జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్ కూడా వెలిశాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్రణాళికను అనుసరించి వీటిని కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

గండిపేట కట్ట మీద ఈ సంగతులు తెలుసుకున్న పిల్లలకు మెరీనా బరాజ్ ఇంజినీర్లను అడగడానికి ప్రశ్నలు ఉంటాయి. మన జంట జలాశయాల చుట్టూ కట్టడాలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో తెచ్చారు, దాని మీద వివాదం ఇప్పటికీ నడుస్తోంది. మెరీనా జలాశయానికి మాత్రం సింగపూర్ విస్తీర్ణంలో ఆరో వంతు నుంచి, అదీ కిక్కిరిసిన ఇళ్ల మధ్య నుంచి, వాన నీరు చేరుతుంది. మరి అందులో మురుగు కలవకుండా వాళ్లేం చేస్తున్నారు? పదిహేనేళ్ల పిల్ల ఈ ప్రశ్న అడిగి, జవాబు రాసుకొని, తిరిగొచ్చాక తరగతిలో వివరించగలిగితే ఆ విమానం టికెట్టుకు అర్థం ఉంటుంది. గండిపేటనే చూడని పిల్లకు బరాజ్ ఫొటోలు దిగే మరో చోటు మాత్రమే.

లక్ష దాటిన ఖర్చు సంగతి వేరే చెప్పాలి. స్తోమత ఉన్నవారే వెళ్తారు, మిగిలినవారు నెల రోజులపాటు వాళ్ల కబుర్లు వింటూ కూర్చుంటారు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది మంది ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను తన ఖర్చుతో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి పంపింది. సీట్లు కొన్నే అయినా అక్కడ తల్లిదండ్రుల జేబుతో పని పడలేదు. ప్రైవేటు బడి కనీసం రెండు మూడు సీట్లయినా అలా కేటాయించలేదా?

యూనివర్సల్ స్టూడియోస్ రోజును తగ్గించి మెరీనా బరాజ్‌కు ఒక పూట, అక్కడి ఒక బడి పిల్లలతో గడపడానికి మరో పూట ఇమ్మని, అంతకుముందు తరగతి మొత్తాన్నీ గండిపేటకు తీసుకెళ్లమని బడికి ఉత్తరం రాశాను. దీనికి ఒప్పుకుంటే డబ్బు కడతాను. లేకపోతే సింగపూర్‌కు సెలవుల్లో మేమే తీసుకెళ్తాం, అప్పుడు దాన్ని విహారయాత్ర అనే అంటాం.