మెడలో వినిపించిన చప్పుడు

ఫోన్‌లో అక్కతో మాట్లాడుతుంటే కుడిచేతిలోంచి పెన్ను జారిపోయింది. తీద్దామంటే వేళ్లు ముడుచుకోలేదు. "ఏంట్రా, మాట ముద్దముద్దగా వస్తోంది?" అంది అక్క. చెప్పాల్సిన మాట తెలుసు, నోటికి రావట్లేదు. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. కాసేపు పడుకుంటానన్నాను. అక్క ఒప్పుకోలేదు, వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆ పట్టుదలే నన్ను కాపాడింది.

మినీ స్ట్రోక్ అన్నారు, అంటే మెదడులో ఒకచోటికి రక్తం కాసేపు ఆగి మళ్లీ అందడం. మెడకు జెల్ రాసి డాప్లర్ స్కాన్ చేస్తుంటే నా రక్తం చప్పుడు నాకే వినబడింది. కుడివైపు కెరటంలా లేచి తగ్గుతోంది. ఎడమవైపు ఈలలా కీచుమంటోంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ఆ పక్క ధమని 70 శాతానికి పైగా ఇరుకైపోయింది.

కొవ్వు పేరుకుని నాళం పూడిపోతుంది, అంతే అనుకునేవాణ్ణి. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రక్తం కుళాయి నీళ్లలా ఒకే ధారగా పారదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తోసుకొస్తుంది, మధ్యలో నెమ్మదిస్తుంది. తిన్నగా ఉన్న నాళంలో రక్తం గోడను రాసుకుంటూ పోయే ఆ ఒరిపిడి మంచిదే. గోడ లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదిలి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను అంటుకోనివ్వదు. మెడలో ధమని రెండుగా చీలేచోట మాత్రం ఒక పక్క గోడ దగ్గర రక్తం ప్రతి దెబ్బకీ ముందుకెళ్లి వెనక్కి మళ్లుతుంది. అక్కడి పొరకు ఆ రక్షణ తగ్గిపోతుంది, కొవ్వు చేరుతుంది. నా సిగరెట్లు, బీపీ దానికి తోడయ్యాయి.

ఇరుకైనచోట వేగం పెరుగుతుంది. దెబ్బతిన్న గోడకు పట్టుకున్న వాన్ విల్లిబ్రాండ్ అనే పొడవాటి ప్రొటీన్ ఆ ఒరిపిడికి దారపుండలా విప్పుకుంటుంది, పరుగెత్తే ప్లేట్‌లెట్లను పట్టేస్తుంది. పైగా ఎర్రకణాలు నడిమధ్య పారుతూ ప్లేట్‌లెట్లను గోడవైపే నెడతాయి. ఇరుకు దాటగానే సుడి. అక్కడ అవి నిలిచి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలాంటి చిన్న ముద్ద ఊడి మెదడులోకి వెళ్లి, అదృష్టం కొద్దీ కరిగిపోయింది. నా పది నిమిషాలు అవే.

ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఆస్పిరిన్ అదే రోజు మొదలుపెట్టారు. రెండు వారాల్లోపే ఆపరేషన్ చేసి పూడిక తీసేశారు. కోత పడినచోట దవడ కింద కొన్నాళ్లు మొద్దుబారింది. చెయ్యి కాస్త తిమ్మిరెక్కినా భయమేసేది.

ప్లేట్‌లెట్ బతికేది 7 నుంచి 10 రోజులు. ఆస్పిరిన్ తగిలినది బతికినన్నాళ్లూ కోలుకోదు, కానీ రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. అందుకే మాత్ర రోజూ వేసుకోవాలి. ఈ సంగతి తెలిశాక ఒక్కపూట కూడా మానలేదు. సిగరెట్ ముట్టుకోలేదు.

మొన్న మళ్లీ స్కాన్‌కి వెళ్లాను. కాస్త సౌండ్ పెంచమని అడిగాను. ఎడమవైపు కూడా ఈల లేదు. కెరటం లేస్తోంది, తగ్గుతోంది. పక్కన కూర్చున్న అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.