బుచ్మా ముక్కు

నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. ముక్కు. మా ఆయన ముక్కు కాదు, దాని గొడవ ఇదివరకే రాశాను. ఇది వందేళ్ల కిందటి ఒక ఉక్రెయిన్ నటుడి ముక్కు.

సాయంత్రం కుక్కర్ పెట్టి ఫోన్ చూస్తే ఫ్యామిలీ గ్రూపులో ముప్ఫై ఏడు మెసేజ్‌లు. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే మా ఆయన ఘనకార్యం. మా చిన్నమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ ఖార్కివ్ నుంచి తెచ్చిన పోస్టుకార్డులున్నాయి కదా, ఆ పాత నాటకాలవాళ్ల ఫోటోలు. వాటిని బీరువాలోంచి తీసి, ఒక్కోదాన్నీ ఫోన్‌తో ఫోటో తీసి, ఏదో యాప్‌లో వేసి రంగులద్దించారు. పైన "జీవం పోశాను చూడండి" అని ఒక ముక్క. వదినగారు మూడు గులాబీలు, రెండు దండాలు పెట్టారు. తోడికోడలు "మామయ్యగారి ఫోటో కూడా ఇలాగే చేసిపెట్టండి బావగారూ" అని అడిగింది. ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. ఇంట్లో ట్యూబ్‌లైటు మార్చమంటే మాత్రం ఆరు వారాలు.

నాకు మండింది ఒక్క కార్డు దగ్గర. 1924లో కీవ్‌లో దర్శకుడు లెస్ కుర్బాస్ ఆడించిన షేక్‌స్పియర్ నాటకం మక్బెత్ అది. అందులో అంబ్రోసీ బుచ్మా విదూషకుడి వేషం కట్టాడు. ముఖం నిండా రంగు, పెద్ద పెట్టుడు ముక్కు, దాన్లో చిన్న బల్బు. జోకు వేసినప్పుడు ముక్కు వెలుగుతుందట! చంపుకోడాల మధ్యలో ఈయన వచ్చి నవ్వించి వెళ్తాడు. చివర్లో ఈ బుచ్మాయే బిషప్ వేషంలో వచ్చి కొత్త రాజుకి కిరీటం పెడతాడు. ఇంకొకడు వచ్చి ఆ రాజుని చంపి కిరీటం అందుకుంటాడు. వాడికీ అంతే మర్యాదగా పెడతాడు. అంతలో మరొకడు. అలా సాగుతుంది.

యాప్ ఏం చేసిందంటే, ముఖం "సరిచేసింది". బల్బు ముక్కు తీసేసి మామూలు ముక్కు పెట్టింది. బ్యాంకులో క్యాషియర్‌లా కూర్చున్నాడు పాపం బుచ్మా. వెనకాల తెరలకి గోధుమరంగు, మన టేకు తలుపుల రంగు. అవి ఆకుపచ్చ తెరలు మహాప్రభో! వాటి మీద ఇది ఫలానా చోటు అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పైనుంచి వేలాడదీశారు. రంగస్థలం డిజైన్ వాదిమ్ మెల్లెర్‌ది. చిన్నదే అవన్నీ వెతికి నాకు చూపించింది అప్పట్లో.

అదే చెప్పాను భోజనాల దగ్గర.

"పచ్చైతే ఏంటి, గోధుమైతే ఏంటి, నువ్వు చూసొచ్చావా?" అన్నారు.

"చూసొచ్చినవాళ్లున్నారు, రాసిపెట్టారు" అన్నాను.

"ఫోటోలో పచ్చ కనపడట్లేదుగా?"

"కనపడనప్పుడు గోధుమ ఎందుకు పూశారు?"

దానికి సమాధానం లేదు. పెరుగు వేసుకున్నారు.

నాకు అంత కోపం ఎందుకొచ్చిందో గిన్నెలు కడుగుతుంటే తట్టింది. ఆ కార్డులు ఇంటికొచ్చిన రోజు నేనేమీ గొప్పగా ప్రవర్తించలేదు.

2022 మార్చి, ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన రోజులు. ఆ రోజులు మీకు తెలుసు, అప్పుడు రాసినవే. ఖార్కివ్ వదిలి వెంటనే బయటపడండి, బస్సులు లేకపోతే నడిచైనా సరే అని మన ఎంబసీ చెప్పిన రోజున చిన్నది ఊరి బయట పిసోచిన్ దాకా నడిచింది. మంచులో పది పన్నెండు కిలోమీటర్లు, చార్జింగ్ అయిపోయిన ఫోన్‌తో. ఢిల్లీ మీదుగా ఇంటికి చేరిన రాత్రి, స్నానానికి పంపించి నేను బ్యాగు విప్పాను. ఒక ప్యాంటు, సగం బిస్కెట్ ప్యాకెట్, తడి సాక్సులు. పుస్తకాలు లేవు, స్టెతస్కోపు లేదు, మార్కుల కాగితాలు లేవు. పై జేబులో రబ్బరు బ్యాండు వేసిన పన్నెండు కార్డులు.

బాత్రూమ్ తలుపు బయటినుంచే అరిచాను. "సర్టిఫికెట్లు వదిలేసి ఈ బొమ్మలు మోసుకొచ్చావా?" అని. ప్రాణాలతో వచ్చిన పిల్లని. తల్లిని కదా, నాలుగు రోజుల టెన్షన్ ఏదో ఒకదాని మీద పడాలి, కార్డుల మీద పడింది. లోపలినుంచి నీళ్ల చప్పుడు ఆగింది. "అవి జనవరి నుంచీ ఆ జేబులోనే ఉన్నాయమ్మా, తియ్యడం మర్చిపోయా" అంది. అంతే. ఖార్కివ్ సుమ్‌స్కా వీధిలో ఆ నాటకాలవాళ్ల థియేటర్ ముందు నుంచి వెళ్తూ కొనుక్కుందట. కుర్బాస్ నాటక సమాజం బెరెజిల్ 1926లో కీవ్ నుంచి వచ్చి స్థిరపడింది ఆ భవనంలోనే. బెరెజిల్ అంటే వాళ్ల పాతమాటల్లో మార్చి నెల అని కూడా అదే చెప్పింది తర్వాతెప్పుడో. నేనేమీ అనలేదు.

ఆ తర్వాత ఆ కార్డుల్ని పట్టుచీరల కింద దాచింది నేనే. అందుకే ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడిదాకా రాసి, ఫోటోల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యాలి, నిజం నిజంలాగే ఉండాలి అని ఒక పేరా కొట్టాను. కొట్టాక హాల్లో గోడ మీద మా అమ్మ పెళ్లి ఫోటో కనపడింది. తీసేశాను ఆ పేరా.

అమ్మ ఫోటో స్టూడియోవాడు కుంచెతో రంగులేసింది. బుగ్గలకి గులాబీ, చీరకి నీలం. "నాకు నీలం చీర లేదే, అది అరిటాకు పచ్చ" అని అమ్మ బతికున్నన్నాళ్లూ అనేది. అంటూనే పండక్కి ఆ ఫోటోకే దండ వేయించేది. నాకిప్పుడు అమ్మ పెళ్లి అంటే నీలం చీరే. మా ఆయన యాప్‌ని తిట్టే హక్కు నాకెంత ఉందో తెలీదు.

అసలు ఆ కార్డుల్లో ఉన్నదైనా నిజమా అంటే అదీ వేషమే. ఇంకో కార్డులో ఉక్రెయిన్ ఒపేరా గాయని సొలోమియా క్రుషెల్నిత్స్కా జపాను అమ్మాయి కిమోనోలో నిలబడి ఉంటుంది. పుచీని ఒపేరా మదామ బటర్‌ఫ్లై 1904 ఫిబ్రవరిలో మిలాన్‌లో ఘోరంగా దెబ్బతింటే, దాన్ని తిరగరాశాక మే నెలలో బ్రెషాలో ఈవిడ పాడి నిలబెట్టింది. ఇటలీలో అంత పేరు సంపాదించి 1939లో ల్వీవ్ వస్తే, సోవియట్‌వాళ్లొచ్చి సొంతింట్లో ఒక్క వాటా వదిలి మిగతాది తీసేసుకున్నారు. ఆ కార్డుకి మా ఆయన వేసిన ఎరుపు, నిజం చెప్పొద్దూ, బాగుంది. గ్రూపులో మాత్రం చెప్పను.

రంగు వెయ్యడం వేరు, తీసెయ్యడం వేరు అనుకుంటున్నా ఇప్పుడు. కుర్బాస్‌ని 1933 అక్టోబరులో సొంత థియేటర్ నుంచి తీసేశారు, డిసెంబరులో అరెస్టు చేశారు. రెండేళ్లకి బెరెజిల్ పేరు కూడా తీసేసి షెవ్చెంకో థియేటర్ అన్నారు. 1937 నవంబరు 3న కుర్బాస్‌ని రష్యాలోని సందర్మోఖ్ అడవిలో కాల్చేశారు. ఆయన ఆడించిన నాటకాలు రాసిన మికొలా కులిష్‌ని కూడా అదే రోజు. సొలోవ్కి జైలు దీవుల నుంచి తీసుకొచ్చిన వెయ్యి మందికి పైగా ఖైదీలని కొన్ని రోజుల్లోనే అక్కడ చంపారు. ఆ కాలంలో జనం ఇళ్లల్లో ఆల్బమ్‌లు తీసి, అరెస్టయినవాళ్ల ముఖాల మీద సిరా పూసేవారు, కత్తెరతో కత్తిరించేవారు. పిల్లలున్న ఇల్లు కదా, భయం. ఎవర్ని తప్పుపడతాం? కుర్బాస్ పోయింది 1942లో అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. తారీఖుకి కూడా టచప్ చేశారన్నమాట. ఆయన భార్య వాలెంటీనా చిస్త్యకోవా మాత్రం ఆ థియేటర్‌లోనే, ఆ కొత్త పేరు కిందే, ఏళ్లపాటు వేషాలు వేస్తూనే ఉంది. ప్రతి సాయంత్రం ఆ మేకప్ అద్దం ముందు కూర్చోవడం ఎలా ఉండేదో. దాన్ని గురించి ఇంకోసారి.

పదకొండున్నర అయింది. చిన్నదానికి హైదరాబాద్ హాస్టల్లో ఇంకా కోచింగ్ చదువు, విదేశాల్లో డాక్టరీ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఈసారైనా గట్టెక్కాలి. దానికి క్యాషియర్ బుచ్మాని పంపించి, నాన్న చేసిన పని చూడు అని రాశాను. కొట్లాడుతుందనుకున్నా. పడీపడీ నవ్వుతున్న బొమ్మలు నాలుగు పంపి, "నాన్నని ఇంకో కార్డు చెయ్యమను" అంది. దానికి లేని బాధ నాకెందుకో.

అయినా ఒకసారి అసలుది చూసుకుందామని లేచాను. ఆ బీరువా తలుపు సంగతి తెలిసిందేగా, కిర్రుమని వీధంతా లేపుతుంది. కార్డుని ఫోన్ లైటు కింద పెట్టి చూశాను. ముక్కు ఉంది. బల్బు దగ్గర చిన్న తెల్లచుక్క, వెలిగినప్పుడు తీశారో, అచ్చులో మచ్చో.

"అర్ధరాత్రి బీరువాలో ఏం పనే?" అన్నారు మంచం మీంచి.

"ముక్కు చూస్తున్నా, మీరు పడుకోండి."