హార్డ్‌డిస్క్‌కి పప్పుల డబ్బా చాలు

హార్డ్‌డిస్క్ కేస్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేదాన్ని విప్పి చూస్తే ప్లాస్టిక్ పెట్టె, నాలుగు ఫోమ్ ముక్కలు, ఒక మూత. అంతే. పక్కన పెట్టిన డిస్క్‌కి ముఖ్యంగా కావలసింది దెబ్బ తగలకపోవడం, చెమ్మ చేరకపోవడం, స్టాటిక్ (రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు) తగలకపోవడం. ఈ మూడింటికీ ప్రత్యేకంగా కేస్ కొనక్కర్లేదు.

ముందు కొలతలు. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్క్ 147 మి.మీ. పొడవు, 102 వెడల్పు, 26 మందం. మూడు డిస్కుల్ని పక్కమీద నిలబెట్టి, మధ్యలో 10 మి.మీ., చుట్టూ 15 మి.మీ. ఫోమ్ పెడితే లోపల 18 × 13 × 13.5 సెం.మీ. ఖాళీ కావాలి. అంటే మూడు లీటర్ల పైచిలుకు. మూతకి రబ్బరు రింగు, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న పప్పుల డబ్బా వెతకండి. కొలత అడుగున తీసుకోవాలి; చాలా డబ్బాలు కిందికి సన్నబడతాయి.

ఫోమ్ దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పరుపులోంచి కోసిన పసుపు స్పాంజి కొన్నేళ్లకి గాలిలో చెమ్మకే పొడిపొడిగా, జిగురుగా మారి కనెక్టర్లలోకి దూరుతుంది. థర్మాకోల్ పూసలు రాలుతాయి, పైగా స్టాటిక్ పుట్టిస్తుంది. టీవీ పెట్టెలో వచ్చే తెల్లటి మెత్తని ఫోమ్ షీటు మేలు. రెండు మూడు మడతలు వేసి ఇరికించండి.

స్టాటిక్‌కి, కంప్యూటర్ భాగాలు చుట్టి వచ్చే యాంటీస్టాటిక్ కవర్లలో వెండిరంగుదే కావాలి. గులాబీ కవరు తనంతట తాను స్టాటిక్ పుట్టించదు గానీ బయటినుంచి వచ్చేదాన్ని ఆపదు. వెండిరంగువి కొనక్కర్లేదు, సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి, కొత్త మదర్‌బోర్డులతో వచ్చినవి ఉంటాయి. చిల్లులు, ముడతలు లేనివి ఏరుకోండి. వంటింటి ఫాయిల్ నేరుగా చుట్టొద్దు: చిరిగిన తునక కనెక్టర్‌లో ఉండిపోతే కరెంటు ఇచ్చినప్పుడు షార్ట్ అవుతుంది. డిస్క్ మీద పేరు రాసిన స్టిక్కరు అంటించేటప్పుడు గాలి రంధ్రం మూసుకోకుండా చూడండి. మూయొద్దని పక్కనే రాసి ఉంటుంది.

చెమ్మకి బియ్యం పనికిరాదు, పిండి రాలుతుంది. సిలికా జెల్ ఆ డబ్బాకి 20 గ్రాములు వేయండి. నీలం గింజలు గులాబీరంగుకి తిరిగితే పొట్లం విప్పి, స్టీలు పళ్లెంలో పరిచి ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఉంచితే మళ్లీ నీలమవుతాయి. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. ఆ పళ్లెంలో మళ్లీ అన్నం తినొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో గింజల రంగు తరచుగా చూడాలి. డబ్బాని బీరువాలో పెడితే కలరా ఉండలు తీసేయండి. నాఫ్తలిన్ ఆవిరికి పాలిస్టైరీన్ ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుపోతుంది.

చిన్నవాటికి ఇంత హంగామా అక్కర్లేదు. మైక్రో ఎస్డీ కార్డు 15 × 11 మి.మీ.; వారం మాత్రలు పెట్టుకునే ఏడు అరల డబ్బాలో అరకొకటి. ల్యాప్‌టాప్‌లలో వాడే సన్నటి ఎం.2 డ్రైవ్ సాధారణంగా 22 × 80 మి.మీ., వెండి కవరులో చుట్టి గట్టి కళ్లజోడు పెట్టెలో పెట్టొచ్చు. పాత ఆడియో క్యాసెట్ పెట్టెలో 2.5 అంగుళాల డిస్క్ పడుతుందనిపిస్తుంది, పట్టదు: డిస్క్ వెడల్పే 70 మి.మీ., పెట్టె బయటి వెడల్పూ దాదాపు అంతే.

ఎస్ఎస్‌డీల (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్‌ల) విషయంలో డబ్బా ఒక్కటే సరిపోదు. చిప్పుల పరిశ్రమకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, డేటా రాయగల పరిమితంతా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది డేటా నిలపాలి. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో శ్లాబు కింది అటక మీద 30 డిగ్రీలు ఉండవు కదా. కింది గదిలో పెట్టండి, ఆరునెలలకోసారి కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లన్నీ చదివించండి.